బోధన్ బండిలో రాజీనామా కాయితం

మొన్న మేనకోడలి పెళ్లికని నిజామాబాద్‌లో రైలెక్కి మోర్తాడ్‌కు పోతుంటే, ఎదురు సీట్లో కొత్తగా పెళ్లయిన జంట ఒకటి కూర్చుంది. ఆ అమ్మాయి మాటిమాటికీ కొత్త మెట్టెలు సర్దుకోవడం చూసేసరికి నాకు నలభై ఏళ్ల కిందటి బోధన్ బండి గుర్తుకొచ్చింది.

అప్పుడు మా కాపురం బోధన్‌లో, అత్తగారింట్లో. ఆయనకు అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో గుమస్తా పని, నాకు నిజామాబాద్‌లో పంతులమ్మ ఉద్యోగం. పొద్దున్నే బండెక్కి పోయి, దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేదాన్ని. అది అత్తమ్మకు నచ్చలేదు. ఉద్యోగం మానమని కొన్నాళ్లు చెప్పి చూసి, ఆ తర్వాత నాతో మాట్లాడటమే మానేసింది. ఆయన ఎటూ చెప్పకుండా తలవంచుకుని తిని వెళ్లిపోయేవారు. అత్తమ్మ కోపం కన్నా ఆ మౌనమే నన్ను ఎక్కువ కోసేది. చివరికి ఒక ఆదివారం రాజీనామా రాసి, ఆయనకు చెప్పి, సంచిలో పెట్టుకున్నాను.

మరునాడు ఆయన సెలవు పెట్టి నాతోపాటు బండెక్కారు. దగ్గరుండి రాజీనామా ఇప్పించడానికే వస్తున్నారనుకుని, కిటికీ వైపు తిరిగి, చెరుకు తోటలు చూస్తూ ఏడుపు ఆపుకున్నాను. జానకంపేటలో బండి ఆగినప్పుడు ఆ కాయితం అడిగి తీసుకున్నారు. నిదానంగా చదివి, నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నారు.

"నువ్వు బడి ఇడువకు. నిజామాబాద్‌ల ఇల్లు మాట్లాడిన. వచ్చే నెలసంది బండి నేనెక్కుత" అన్నారు.

"అత్తమ్మకు ఏం చెప్తరు?" అన్నాను.

"నిన్ననే చెప్పిన. కోపానికొచ్చింది. రానీ, నేను ఓర్సుకుంట."

పెళ్లయిన ఏడాదికి, ఆ చెక్క బెంచీ మీద, ఈ మనిషి నావాడని నాకు తెలిసింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆయనే బోధన్‌కు పోయి వచ్చారు. సాయంత్రం చొక్కాకు చెరుకు పాకం వాసనతో దిగితే, బడి నుంచి నేరుగా స్టేషన్‌కు వచ్చిన నేను ఆయనతో ఇంటిదాకా నడిచేదాన్ని. అత్తమ్మ ఏడాదిపాటు మా గడప తొక్కలేదు. తొక్కాక మాత్రం వాడకట్టు వాళ్లందరికీ నన్ను "మా పంతులమ్మ" అనే చెప్పుకుంది.

ఇప్పుడు బోధన్ దారిలో ఆ చెరుకు తోటలు అంతగా లేవు. ఆ రోజు ఆయనతో మనసులో మాట చెప్పాలంటే బండి నిండా జనం, సిగ్గు. ఇప్పుడా సిగ్గు పోయింది. ఆయనకేమో సగం మాటలు వినబడవు. అయినా ఆయన పక్కకు జరిగి, చెవి దగ్గర చెబుతూనే ఉంటాను.