ఇరవై ఏడు సార్లు పడ్డ టైలరు

సోమవారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, పురపాలక కార్యాలయంలో రోడ్ల విభాగం గడప తట్టుకుని ఒక పెద్దాయన గదిలోకి బోర్లా పడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక గ్లాసు మంచినీళ్ళు మాత్రం ఒలికాయి. పడ్డాయన లేచి, మోకాళ్ళు దులుపుకుని, మెడలోని టేపు తీసి గడప ఎత్తు కొలిచి, కిటికీ అంచున కాగితం పెట్టుకుని ఒక అర్జీ రాసి, గుమాస్తా బల్ల మీద పెట్టి, ముట్టినట్టు ముద్ర వేయమన్నాడు.

గుమాస్తా చదివాడు. "గడప రెండు ముప్పావు అంగుళాల ఎత్తున్నది. అంచు పైకి లేచినది. దానిని దింపి, అంచుకి పసుపు పట్టీ వేయవలెను."

"గడప మాది కాదండీ" అన్నాడు గుమాస్తా. "గది మాది. గడప భవనాల విభాగం వాళ్ళది. పై అంతస్తు."

"మరి నేను పడింది?"

"కాళ్ళు వాళ్ళ పరిధిలో ఉన్నాయి. తల మా పరిధిలో పడింది."

పెద్దాయన ఇందులోని న్యాయం గ్రహించినట్టు తలూపాడు. "అయితే తల మేరకు మీరు ముద్ర వేయండి బాబూ. కాళ్ళ సంగతి పైవాళ్ళతో మాట్లాడుకుంటాను" అని, జేబులోంచి ముందే రాసి మడత పెట్టుకున్న ఇంకో కాగితం తీశాడు. "మొన్న ఇంకోచోట కూడా పడ్డాను. అది పూర్తిగా మీ పరిధే."

రెండు ముద్రలూ వేయించుకుని, ఈసారి గడపని జాగ్రత్తగా దాటి, వెనక్కి తిరిగి చెప్పాడు. "మీ చొక్కాకి రెండో గుండీ లేదు."

ఆయన గురించి చెప్పుకోవలసిందంతా ఒక్క ముక్కలో తేలిపోతుంది. ఆయన పడతాడు. లోకంలో పడనివాడు లేడు గానీ, పడ్డవాడెవడైనా ముందు అటూ ఇటూ చూసి, ఎవరూ చూడలేదని నిర్ధారణ చేసుకుని, ఏమీ జరగనట్టు నడిచిపోతాడు. ఈయన పడితే ఊరంతటికీ తెలియాలి. పడిన చోట బట్టల మీద గీసే సుద్దతో గుండ్రంగా గీత గీస్తాడు, కొలుస్తాడు, అర్జీ పెడతాడు. వయసు డెబ్భై రెండు. వృత్తి టైలరు. ఇప్పుడు కుట్టడం తగ్గించి పడటం పెంచాడని గిట్టనివాళ్ళు అంటారు.

ఆయన అర్జీలు చదవడానికి రోడ్ల శాస్త్రం చాలదు, కుట్టుపని రావాలి. "మందుల షాపు ఎదుట రోడ్డుకి అతుకు వేసినారు గానీ లోపల కుట్టు వేయలేదు, కావున పిగులుతున్నది." "స్తంభం పక్క కాలిబాట నడుము దగ్గర బిగుతు, కింద మరీ లూజు." "మూడో మెట్టు మిగతా రెంటికన్నా పొట్టి. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి పెట్టి పంట్లాము కుడితే మీరు ఊరుకుందురా?" చివర మాత్రం ఎప్పుడూ ఒకటే వాక్యం. "అంచుకి పసుపు పట్టీ వేయవలెను."

గుమాస్తా పదకొండేళ్ళుగా అదే కుర్చీలో ఉన్నవాడు. అర్జీని చదవకుండా తిప్పి పంపడంలో ఆయనకి ఉన్న నేర్పు ఇంకెవరికీ లేదు. మొదటి వాటిని కొలతలు అంగుళాల్లో ఉన్నాయని తిప్పి పంపాడు. టైలరు సెంటీమీటర్లలో తెచ్చాడు. ఒకటే ప్రతి ఉందని తిప్పి పంపాడు. మూడు ప్రతులు తెచ్చాడు. ఏమీ దొరక్క, కాగితానికి చుట్టూ ఖాళీ వదల్లేదన్నాడు. టైలరు మర్నాడు నాలుగు పక్కలా సమానంగా ఖాళీ వదిలి, ఆ ఖాళీ చుట్టూ గీత కూడా గీసి తెచ్చాడు.

"తాతగారూ, ఊళ్ళో ఇంతమంది నడుస్తున్నారు. మీరొక్కరే ఎందుకు పడుతున్నారు?"

"మిగతావాళ్ళు చెప్పుకోరు బాబూ. మొహమాటం."

"పోనీ కాస్త కింద చూసి నడవొచ్చుగా?"

"కింద చూసి నడిస్తే మీ విభాగం పనితీరు కనిపిస్తోంది. మనసు పాడవుతోంది" అని టైలరు గుమాస్తా ఛాతీ వైపు చూశాడు. "రెండో గుండీ ఇంకా లేదు."

గుండీ లేకపోవడానికి గుమాస్తా చేసిన తప్పేమీ లేదు. చొక్కాలకి గుండీలు కుట్టడం వాళ్ళమ్మ ఆనవాయితీ. ఈమధ్య ఆవిడ "దారం అయిపోయింది", "సూది ఎక్కడో పెట్టాను", "రేపు కుడతాలే" అంటూ ఆర్నెల్లు గడిపింది.

ఒక్కడే పడితే పిచ్చి, పదిమంది పడితే ఉద్యమం అని టైలరుకి ఎవరో చెప్పారు. ఆయన వెంటనే పడినవాళ్ళ సంఘం పెట్టాడు. పక్క కొట్టు మంగలిని చేర్పించబోతే, "నేనెప్పుడూ పడలేదండీ" అని ఆయన నిజం చెప్పి తప్పించుకోబోయాడు.

"పడబోయావా?"

"పడబోయాను గానీ నిలదొక్కుకున్నాను."

"పడబోయినవాళ్ళు సహ సభ్యులు. ఎవరైనా పడితే చూశావా?"

"మీరు పడ్డారన్నప్పుడు... నవ్వాను."

"విని నవ్వినవాళ్ళు పోషక సభ్యులు. నువ్వు రెండు విధాలా అర్హుడివి. సంతకం పెట్టు."

అలా పద్నాలుగు మంది పోగయ్యారు. టైలరు స్వయంగా కుట్టిన బ్యానరు మీద, చుట్టూ పసుపు అంచుతో, "పడ్డవాళ్ళెప్పుడూ చెడ్డవాళ్ళు కారు" అని ఉంది. ఒక బుధవారం ఊరేగింపు తీశారు. నినాదాలు లేవు. పద్నాలుగు మందీ నేల చూపులు చూస్తూ, అడుగు తీసి అడుగు వేస్తూ, గుంట కనిపించినప్పుడల్లా ఆగి, "గుంట!" అని వెనకవాళ్ళకి చెబుతూ కదిలారు. వెనకాలే ఇంజనీరుగారి కారు ముప్పావుగంట చిక్కుకుపోయింది. ఆయన జీవితంలో మొదటిసారిగా తన రోడ్లని అంగుళం అంగుళం చూశాడు. వారం తిరక్కుండా కూలీలు వచ్చి, ఎత్తుపల్లాలు సరిచేసి, అంచులకి పసుపు రంగు కొట్టారు. అర్జీలన్నీ చదవడంకన్నా రంగు కొట్టించడం తేలికని ఇంజనీరుగారు తేల్చుకున్నారు.

సాయంత్రం భోజనాల దగ్గర గుమాస్తాకి ఇదే కాలక్షేపం.

"ఇవాళ కూడా పడ్డాడమ్మా మన టైలరు!"

"అయ్యో, ఎక్కడరా?" అనేది వాళ్ళమ్మ, ముద్ద మధ్యలో ఆపి.

"గ్రంథాలయం మలుపులో మెట్టు దగ్గరట."

"అది మరీ అన్యాయంగా ఉంటుందిలే" అని నాలిక కరుచుకునేది. "అంటే, మెట్లన్నీ అంతేగా అని. పాపం, దెబ్బ తగిలిందా?" అని అడిగి, జవాబు వినకుండానే పొలమారేదాకా నవ్వేది. వయసు మీద పడినకొద్దీ జాలి తగ్గుతుందేమోనని గుమాస్తా అనుకునేవాడు.

ఆయనకి తల్లి మీద ప్రేమ ఎక్కువ. ఎంత ఎక్కువంటే, ఆవిడ చెయ్యి ఒకసారి కాస్త కాలిందని పొయ్యి దగ్గరికి రానివ్వడం మానేశాడు. స్నానాలగదిలో జారిందని బిందె ముట్టుకోనివ్వలేదు. స్టూలు ఎక్కిందని స్టూలే తీసి పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. ఆవిడకి ఇంట్లో మిగిలింది ఒక కుర్చీ. "నువ్వు వీధిలోకి మాత్రం వెళ్ళకమ్మా, రోడ్లు అస్సలు బాగోవు" అని రోజూ చెప్పి, రోడ్ల విభాగానికి బయలుదేరేవాడు.

ఇలా ఏడాది గడిచాక పై అధికారి ఒకరు కొత్తగా వచ్చి, టైలరు ఫైలు తిరగేసి, ఇలా రాశారు: "ఒకే వ్యక్తి ఏడాదిలో ఇరవై ఏడు సార్లు పడినాడు. రోడ్లయినా చెడ్డవి అయి ఉండవలెను, మనిషైనా చెడ్డవాడు అయి ఉండవలెను. రోడ్లు మనవి. కాబట్టి విచారించండి. అబద్ధమని తేలితే అర్జీలన్నీ కొట్టివేసి, ఇకపై ఈ రంగు పనులు ఆపివేయవలెను." విచారణ బాధ్యత గుమాస్తా మీద పడింది.

పదకొండేళ్ళలో మొదటిసారి గుమాస్తా తన విభాగానికి సంబంధించిన వస్తువు మీద, అంటే రోడ్డు మీద, పనివేళల్లో నిలబడ్డాడు. గడప గొడవ పైవాళ్ళది గనక రెండో అర్జీ నుంచి మొదలుపెట్టాడు. "మందుల షాపు నుంచి నాలుగో గేటు ముందు కాలువ మీద బండ, ఒక పక్క లూజు." లెక్కపెట్టుకుంటూ నాలుగో గేటు ముందు ఆగాడు. గేటు నీలం రంగుది. ఆ రంగు వేయించింది తనే. అది తన ఇల్లు.

'మా ఇంటి ముందు కూడా పడ్డాడా ఈయన!' అని విసుక్కుని ముందుకి నడిచాడు. మూడోది పక్క మలుపులో. నాలుగోది దాని ఎదురుగా. అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది దండలో పూసల్లా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఊరంతా పడ్డాడనుకున్న మనిషి ఊళ్ళో ఇంకెక్కడా పడలేదు. ఒక్క దారిలోనే పడ్డాడు. ఆ దారి గుమాస్తా ఇంటి దగ్గర మొదలై టైలరు కొట్టు దగ్గర ఆగింది. చివరిది, ఇరవై ఏడోది, కొట్టు ముందు కాలిబాట దిగే చోటు. దానికి మాత్రం ఇంకా రంగు పడలేదు.

అర్థం కాక అక్కడే స్తంభం పక్కన నిలబడ్డాడు. అప్పుడు దూరంగా వాళ్ళమ్మ వస్తూ కనిపించింది.

కుర్చీలో ఉండవలసిన మనిషి వీధిలో ఉంది. గుమాస్తా పరిగెత్తబోయి ఆగాడు. ఆవిడ నడక చూసి ఆగాడు. ప్రతి మెట్టు దగ్గరా తలవంచి, పసుపు గీత వెతుక్కుని, దాని మీద బొటనవేలు ఆనించి, ధీమాగా దిగుతోంది. గీత ఉన్నంతసేపూ రాణిలా నడిచింది. ఇరవై ఏడో చోటికి వచ్చి ఆగిపోయింది. కాలు గాలిలోకి చాపి వెతికింది. మళ్ళీ వెనక్కి తీసుకుంది.

కొట్టులోంచి టైలరు బయటికి వచ్చాడు. చెయ్యి ఇవ్వలేదు, పలకరించలేదు. తన మానాన తను కాలిబాట కొలుస్తున్నట్టు మెడలోని టేపు తీసి ఒక కొస చాపాడు. ఆవిడ, కొలతకి సాయం చేస్తున్నదానిలా, ఆ కొస పట్టుకుంది. "ఎంత వచ్చింది?" అంది, కాలు కింద పెడుతూ. "పద్నాలుగున్నర" అన్నాడాయన. ఇద్దరూ లోపలికి వెళ్ళిపోయారు.

రెండు నిమిషాలు ఆగి గుమాస్తా కొట్టు వెనక గదిలోకి దూసుకెళ్ళాడు. అక్కడ ముగ్గురు ముసలమ్మలతో కలిసి వాళ్ళమ్మ పేకాడుతోంది. పందెం గుండీలు. ఆవిడ ముందు గుండీలు గుట్టగా ఉన్నాయి.

"అమ్మా!"

"వెనకాల నిలబడకు, నా ముక్కలు తెలిసిపోతాయి" అంది ఆవిడ, ముక్కల్ని ముక్కుకి ఆనించుకుని చూస్తూ. ఆ తరవాత గొంతు గుర్తుపట్టి ముక్కలు బోర్లా పెట్టింది.

"నీకు... కళ్ళు కనిపించడం లేదా?"

"దగ్గరవి బాగానే కనిపిస్తాయిరా. కాలి కింద అంచులే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కళ్ళ డాక్టరు ఇంతకన్నా తగ్గదు, పెరగదు అన్నాడు. మన గేటు ముందు బండ మీద రెండుసార్లు పడ్డాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెయ్యి కాలితే పొయ్యి తీసేశావు. జారితే బిందె తీసేశావు. వీధిలో పడ్డానని చెబితే ఏం చేస్తావు, వీధి తీసేస్తావా?"

ముగ్గురు ముసలమ్మలూ ముక్కల చాటున నవ్వుకున్నారు.

"టైలరుగారు అర్జీ పెడదామన్నారు. అక్కడ కూర్చునేది నా కొడుకే, నా పేరు రాస్తే రేపటినుంచి నన్ను కుర్చీకి కుట్టేస్తాడన్నాను. మరి ఎవరు పడ్డారని రాయమంటారు అన్నారు. మీరే పడ్డారని రాయండి, మగవాళ్ళు పడితే ఎవరూ ఇంట్లో కూర్చోబెట్టరు అన్నాను. పాపం, ఏడాదిగా నా బదులు ఆయనే పడుతున్నారు."

గుమాస్తా తలుపు దగ్గర నిలబడి తన చొక్కా వంక చూసుకున్నాడు. రెండో గుండీ చోటు ఖాళీగా ఉంది. దారం అయిపోలేదని, సూది పోలేదని ఇప్పుడు తెలిసింది.

ఆయన ఒకసారి తల్లి వైపు, ఒకసారి చేతిలోని ఫైలు వైపు చూశాడు. తరవాత టైలరు మిషను బల్ల మీద కాగితం పెట్టుకుని, నాలుగు పక్కలా ఖాళీ వదిలి రాశాడు: "స్వయంగా విచారించితిని. ఫిర్యాదులో చెప్పిన చోట్లు నిజముగా ప్రమాదకరమైనవి. ఇరవై ఏడో చోట వెంటనే, మిగతా చోట్ల ఏటేటా, పసుపు పట్టీ వేయవలెను."

"ఏమని రాశావురా?" అంది తల్లి.

"నీ ఆట నువ్వు ఆడుకో. సాయంత్రం నేనే వచ్చి తీసుకెళ్తా..." అని, ఆవిడ మొహం చూసి మాట దిద్దుకున్నాడు. "నువ్వే వచ్చెయ్. చీకటి పడకుండా."

"షో" అంది ఆవిడ, ముక్కలు బల్ల మీద పరిచి. గెలిచిన గుండీల్లోంచి ఒక తెల్లది ఏరి కొడుకు చేతిలో పెట్టింది.

టైలరు ఆయన్ని వెలుతురులోకి లాగి, చొక్కా విప్పనివ్వకుండానే సూదిలో దారం ఎక్కించాడు. సూది ఛాతీకి అంగుళం దూరంలో ఆడుతుంటే గుమాస్తాకి కదలడానికి వీల్లేకపోయింది గానీ, పదకొండేళ్ళ సర్వీసు ఆయన్ని ఊరుకోనివ్వలేదు.

"అయినా తాతగారూ, పెద్దవారు, మీరు ఇలా చెయ్యొచ్చా? ఇరవై ఏడు సార్లు పడ్డానని సంతకం పెట్టి ఇచ్చారు, ఒక్కసారైనా పడిన పాపాన పోలేదు. ఆఫీసుతో ఇన్ని అబద్ధాలా?"

టైలరు దారం పళ్ళతో కొరికి, గుండీ ఒకసారి లాగి చూసి అన్నాడు:

"ఒక్కసారైనా అనకండి బాబూ, మీ గడప దగ్గర నిజంగానే పడ్డాను, ఇంతవరకూ బాగు చేయనిది అదొక్కటే."