ఎమేకా పక్కన వరసలో నిలబడ్డ రోజు

కోవిడ్ తాళాలు తీసిన మరుసటి ఏడు. మలేషియాలో, క్లాంగ్‌లో నా సెలూన్ మళ్లీ నిండుతోంది. ఆరో తరగతిలో బడి మానేసి కత్తెర పట్టినవాణ్ణి. నాకు తెలిసిన చట్టమల్లా కస్టమర్ తల కదపకూడదన్నదొక్కటే. అలాంటి నన్ను న్యాయానికి సాయం రమ్మని పోలీసులు పిలిచారు. నా తెలివి చూసి కాదు, రంగు చూసి.

ఒంటిరంగు చూసి ఎవర్నీ అనుమానించొద్దని, ఆఫ్రికావాళ్ల కేసుల్లో మరీ జాగ్రత్తని పైనుంచి ఆర్డర్లొచ్చాయట. పోలీసులకు క్లాసులు కూడా పెట్టారట. ఐడెంటిఫికేషన్ పరేడ్ అని ఒకటుంది. పట్టుకొచ్చినవాణ్ణి మామూలు మనుషుల మధ్య నిలబెట్టి, వీళ్లలో దొంగెవడో చూపించమంటారు. తెల్లటివాళ్ల మధ్య ఒక్క నల్లవాణ్ణి పెడితే ఇంక గుర్తుపట్టడానికి ఏముంది? అందుకని అందరూ ఒకే రంగు, ఒకే ఎత్తు ఉండాలి. మంచి రూలే. దాన్ని పట్టుకుని ఇన్‌స్పెక్టర్ మా వీధిలో నల్లవాళ్లను ఏరడం మొదలెట్టాడు.

"అన్నే, నువ్వు పనికొస్తావ్ లా," అన్నాడు నన్ను చూసి. అన్నే అంటే అన్నా అని, 'లా' ఇక్కడివాళ్ల ఊతపదం.

"ఈ మాట మా అమ్మ కూడా ఎప్పుడూ అనలేదు సార్," అన్నాను.

కుర్చీలో సగం గెడ్డంతో ఉన్న మా బావ అప్పారావునీ లేపారు. "ఏటి బావా, మీ సెల్లి ముందు ఈ రంగు సూసే వద్దంది. ఇప్పుడు గవర్నమెంటే కావాలంటంది!" అన్నాడు.

నవ్వుకుంటూ స్టేషన్‌కి వెళ్లాం. అక్కడ వరసలో ఎమేకా ఉన్నాడు. నైజీరియా నుంచి వచ్చి కాలేజీలో చదువుతున్నాడు. ఫేడ్ చేయించుకోవడానికి నా దగ్గరికే వచ్చేవాడు. చెవుల దగ్గర గుండులా మొదలై పైకి పోయేకొద్దీ జుట్టు పెరిగే కటింగ్ అది. ఎవరో ఒకావిడ సంచి లాక్కుపోతే, పక్క సందులో నడుస్తున్నందుకు ఇతన్ని పట్టుకున్నారు.

"అంకుల్, నేను కాదు," అన్నాడు. మాట్లాడొద్దన్నారు. జుట్టు చూసి పోల్చకుండా అందరికీ టోపీలు పెట్టారు.

సంచి పోయినావిడ వచ్చింది. తమిళావిడ, మా అక్క వయసుంటుంది. చేతికి ఇంకా కట్టు ఉంది. మా బావను దాటింది. ఎమేకాను దాటింది. నా ముందు ఆగి భుజం మీద చెయ్యేసింది.

"అక్కా, నాన్ ముడి వెట్టరవన్, తిరుడన్ ఇల్ల." జుట్టు కత్తిరించేవాణ్ణక్కా, దొంగను కాను అని చెప్పాను.

ఆవిడ చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకుంది. "అయ్యో, నమ్మ ఆళా?" మనవాడివా అని. అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టరూ నవ్వాడు. నన్ను పక్కకు రమ్మని, "ఇంకోసారి చూడండి," అన్నాడావిడతో.

ఈసారి ఆవిడ ముఖాలు చూడలేదు. నేరుగా పోయి ఎమేకా భుజం మీద చెయ్యేసింది. అతనికి తమిళం రాదు.

"సార్, ముందు నన్ను కదా పట్టుకుంది. అది రాయండి," అన్నాను.

"నువ్వు ఊరికే నిలబడ్డానికొచ్చావ్ అన్నే. అంతా రూలు ప్రకారమే జరిగింది లా."

నిజమే. రంగు సరిపోయింది, ఎత్తు సరిపోయింది, టోపీలు కూడా సరిపోయాయి.

నెలల తరబడి ఎమేకా రిమాండ్‌లో ఉన్నాడు. కోర్టుకొచ్చి జరిగింది చెప్తానని అతని లాయరుకు మాటిచ్చాను. నా వంతు రానేలేదు. సాక్ష్యం చాలదని ప్రభుత్వం కేసు వదిలేసింది. నేనూ బావా పళ్లు కొనుక్కుని కోర్టుకు పరిగెత్తాం. కానీ ఈలోగా కాలేజీ అతని పేరు కొట్టేసింది, దాంతో దేశంలో ఉండనిచ్చే స్టూడెంట్ పాస్ కూడా రద్దయింది. కోర్టు తలుపు దగ్గరే ఇమ్మిగ్రేషన్ ఆఫీసరు కాచుకుని, భుజం పట్టుకున్నాడు.

గెడ్డం గీసేటప్పుడు కస్టమర్ ఏడుస్తున్నా నవ్వించగలనని నాకో గొప్ప ఉండేది. ఆ రోజు ఒక్క జోకూ రాలేదు. గవర్నమెంటు రూలు వరసలో రంగులు సమానం చెయ్యగలదు. 'మనవాడు' అన్న మాట దగ్గర ఏం చెయ్యాలో దానికీ తెలీదు, నాకూ తెలీదు. ఈ కేసు నాకు నేర్పింది అంతే.

"అంకుల్, ఆవిడ మీ మీద చెయ్యేసినప్పుడు మీరేదో అన్నారు. అదేంటి? నాకూ నేర్పండి," అన్నాడు ఎమేకా.

మాట మాట విడదీసి చెప్పాను. అక్షరం తప్పకుండా తిరిగి పలికాడు.

"బాగా అన్నావు బాబూ," అన్నాడు మా బావ, పళ్ల సంచి అతని చేతిలో పెట్టి.

ఆఫీసరు చెయ్యి అతని భుజం మీదే ఉంది.