మొసలి లేని సినిమా

నా చిన్నప్పుడు కిరండూల్‌లో సినిమా అంటే నెలకు రెండుసార్లు క్లబ్బు హాల్లో వేసే హిందీ ఫైటింగ్ సినిమాయే. కొండ మీద ఇనుప ఖనిజం తవ్వే గని, కొండ కింద మా క్వార్టర్ల లైన్లు, వాటి మధ్య క్లబ్బు. మా నాన్న గనిలో డంపరు నడిపేవారు. ఆయన చొక్కా ఎన్నిసార్లు జాడించినా నీళ్ళు ఎర్రగానే వచ్చేవి. మా లైన్లో శ్రీకాకుళం వాళ్ళు, బెంగాలీలు, బిలాస్‌పూర్ వాళ్ళు కలిసి ఉండేవాళ్ళం. పిల్లలమంతా పొద్దున ఒక భాషలో పోట్లాడుకుని సాయంత్రం ఇంకో భాషలో కలిసిపోయేవాళ్ళం. హీరో ఎవరిని ఎలా కొట్టాడో చెప్పుకోవడానికి మాత్రం ఏ భాషా అక్కర్లేదు, చేతులు చాలు.

మా పక్కింటి అక్క విశాఖపట్నం నుంచి వచ్చింది. గని ల్యాబ్‌లో ఖనిజం పొడిని పరీక్షించే ఉద్యోగం. ఆ రోజుల్లో పెళ్ళికాని అమ్మాయి క్వార్టర్లో ఒక్కతే ఉండటమే మా లైనుకు పెద్ద సినిమా. చదువుకునే రోజుల్లో ఆమె అక్కడొక ఫిల్మ్ క్లబ్బులో సభ్యురాలట. ఆదివారం పొద్దున ఒక హాలు అద్దెకు తీసుకుని, మామూలు థియేటర్లకు రాని సినిమాలు, పాతవీ, ఎవరూ కొనని కొత్తవీ, ఎక్కడెక్కడి భాషలవో తెప్పించుకుని చూసేవారట. చూశాక టీ తాగుతూ గంటల తరబడి మాట్లాడుకునేవారట. కిరండూల్‌లో తనకు అన్నీ దొరికాయి గానీ అలా మాట్లాడుకునే మనిషే దొరకలేదని మా అమ్మతో అనేది. అమ్మ పకపకా నవ్వి, "మాటాడ్డానికి నాను లేనేటమ్మా!" అనేది. అక్కా నవ్వేది, కానీ ఆ నవ్వు పూర్తిగా ఉండేది కాదు.

నాకు పదేళ్ళప్పుడు దసరా సెలవులకు అక్క తన ఊరు వెళ్తూ నన్ను కూడా తీసుకెళ్తానంది. సముద్రం చూపిస్తుందట. షరతు ఒక్కటే, ఆదివారం పొద్దున తనతో సినిమాకు రావాలి. సముద్రం కోసం సినిమా ఏమిటి, లెక్కల పరీక్ష రాయమన్నా రాసేదాన్ని.

పొద్దున్నే రైలెక్కితే సొరంగాల్లోంచి దూరి దూరి చీకటి పడ్డాక గానీ విశాఖపట్నం చేరలేదు. మర్నాడు పొద్దున తల దువ్వించుకుని సినిమాకు వెళ్ళాను. అంత పెద్ద హాల్లో పాతిక ముప్పై మంది ఉన్నారు. తెర మీద నలుపూ తెలుపుల్లో ఒక నది. మలయాళం సినిమా అట, మాటలు కూడా పెద్దగా లేవు. ఒక పడవవాడు తాడు విప్పాడు. వెదురుగడతో ఒడ్డును తోశాడు. పడవ మెల్లగా కదిలింది. ముందురోజు ఎక్కిన రైలు ఇంకా నా ఒంట్లో ఊగుతూనే ఉంది. అంతే, నాకు తెలిసిన సినిమా అంతే. నేను కళ్ళు తెరిచేసరికి దీపాలు వెలిగి ఉన్నాయి, జనం లేచి నిలబడ్డారు, అక్క చీరకొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

బాగుందా అని అడిగింది. చాలా బాగుంది అన్నాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి దగ్గరకు తీసుకుంది. ఆ చెయ్యి అక్కడే ఉండటం కోసం ఇంకో నాలుగు అబద్ధాలైనా ఆడేదాన్ని, ఆడాను కూడా. సముద్రం కూడా చూశాక, తిరుగు ప్రయాణంలో ఆ పగలంతా రైల్లో అక్క ఆ సినిమా గురించే మాట్లాడింది. ఆ పడవవాడు ఆఖర్న అలా ఎందుకు చేశాడంటావని అడిగితే, "పాపం కదక్కా" అన్నాను. పాపం అనే మాట ఎక్కడైనా అతుకుతుంది. పదేళ్ళకే నీకెంత అర్థమైందే అని అక్క మురిసిపోయింది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. ఇంటికి చేరగానే కుళాయి దగ్గర మా లైను పిల్లలంతా నన్ను చుట్టుముట్టారు. విశాఖపట్నం దాకా వెళ్ళి సినిమా చూసొచ్చిన పిల్ల మా లైన్లో నేనొక్కదాన్నే. నిద్రపోయానని ఏ మొహంతో చెప్పను? క్లబ్బు క్యాంటీన్లో వంట చేసే తాత ఒకాయన ఉండేవాడు. కోంటా వైపు మనిషి, శబరి నది ఒడ్డున పుట్టి పెరిగినవాడు, టీ పోస్తూ మాకు మొసళ్ళ కథలు చెప్పేవాడు. ఆ తాత మొసళ్ళలోంచి ఒకదాన్ని తెచ్చి ఆ మలయాళం నదిలో వదిలాను. పడవంత మొసలి. పడవవాడు గడతో దాని నోరు తెరిచి పట్టుకున్నాడు. పిల్లలు ఇళ్ళకెళ్ళి చెప్పారు, పిల్లల దగ్గర విని పెద్దవాళ్ళు డ్యూటీలో చెప్పుకున్నారు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది బ్రహ్మాండంగా అతికింది, అదే నా కొంప ముంచింది.

చలికాలం వచ్చింది. ఒకరోజు అక్క పరుగున మా ఇంటికొచ్చింది. ఆ మలయాళం సినిమా రీళ్ళ పెట్టెలు ఒక్క ఆదివారానికి పంపడానికి విశాఖపట్నం క్లబ్బు వాళ్ళు ఒప్పుకున్నారట. మన క్లబ్బులో కూడా నెలకొక ఆదివారం మధ్యాహ్నం ఇలాంటి సినిమా వేద్దామని ఏడాదిగా సెక్రటరీ గారి వెంటబడితే, ఆయన చివరకు సరేనన్నాడట. అయితే ఒక్కసారే. జనం మధ్యలో లేచిపోతే ఈ మాట మళ్ళీ ఎత్తకూడదు. "ఒక్కసారి చాలు పిన్నిగారూ, మన పాప నిద్రపోకుండా చూసిందంటే ఎవరైనా చూస్తారు" అంది అక్క. నేను పుస్తకంలో తల దూర్చాను.

శనివారం సాయంత్రం క్లబ్బు గేటు దగ్గర నల్లబల్ల మీద అక్క సినిమా పేరూ, మూడు గంటలకు ఆట అనీ తెలుగులో, హిందీలో రాసింది. గంట తిరక్కముందే ఎవరో పిల్లలు దాని కింద సుద్దముక్కతో పళ్ళన్నీ కనబడేలా ఒక మొసలిని గీశారు. అక్క సరాసరి మా గుమ్మంలోకి వచ్చింది. "ఈ సినిమాలో మొసలెక్కడుందే?" అని మాత్రం అడిగింది.

ఏడుస్తూ అంతా చెప్పేశాను. కుళాయి దగ్గరి మొసలి గురించి చెబుతుంటే అక్క పెదవి కొంచెం వణికింది, నవ్వొచ్చిందేమో అనుకున్నాను. రైల్లో చెప్పిన అబద్ధాల దగ్గరికి వచ్చేసరికి మా మెట్టు మీద కూలబడింది. "ఆ రోజంతా నేను ఒక్కదాన్నే మాట్లాడుకున్నానా?" అంది. తిట్టినా కొట్టినా బాగుండేది. వెళ్ళి ఆ బొమ్మ చెరిపేస్తానన్నాను. వద్దంది. లేచి వెళ్ళిపోయింది. ఆ మనిషికి తోడు దొరికిందన్న సంతోషాన్ని నేను దొంగతనంగా ఇచ్చి దొంగతనంగానే లాక్కున్నానని, ఆ వయసులో ఇన్ని మాటలు రాకపోయినా, నాకు బాగా తెలిసింది.

మర్నాడు వెళ్ళి చూస్తే మొసలి బల్ల మీద అలాగే ఉంది. దాని కింద అక్క చేతిరాతతో కొత్తగా ఒక వాక్యం. "నీళ్ళను జాగ్రత్తగా చూడండి." ఉందని రాయలేదు, లేదనీ రాయలేదు.

కిటికీలకు గని నుంచి తెచ్చిన టార్పాలిన్‌లు కట్టి హాలు చీకటి చేశారు. ఫైటింగ్ సినిమాకు కూడా అంత జనం రాలేదు. నన్ను అక్క ముందు వరసలో కూర్చోబెట్టి తను ప్రొజెక్టరు దగ్గర నిలబడింది. ఈసారి నిద్ర ఎక్కడిది? పడవవాడు తాడు విప్పాడు, హాలు మొత్తం నీళ్ళ వైపు వంగింది. ఎక్కడ చిన్న అల కదిలినా "అదిగో!" అన్నారు. ఒక దుంగ కొట్టుకొస్తే సగం మంది లేచి నిలబడ్డారు. తీరా చూస్తే అది ఎగువన కడుతున్న వంతెన తాలూకు కలప. అప్పుడే నాకూ తెలిసింది, అక్కడొక వంతెన కడుతున్నారని. అది పూర్తయ్యే కొద్దీ రేవుకొచ్చే జనం తగ్గుతున్నారు. మొసలి కోసం నీళ్ళను అంత శ్రద్ధగా చూస్తున్నవాళ్ళ కళ్ళ నుంచి ఏదీ తప్పించుకోలేదు. పడవవాడి భార్య గిన్నెలో అన్నం తగ్గడం కూడా చూశారు. మెల్లమెల్లగా "అదిగో" అనడం మానేశారు.

క్లబ్బుకు ఉన్నది ఒకటే ప్రొజెక్టరు. ఒక రీలు అయ్యాక దీపాలు వేసి ఇంకోటి ఎక్కించాలి. ఆఖరి రీలుకు ముందు దీపాలు వెలిగాయి. నా వెనక కూర్చున్న క్యాంటీన్ తాత ముందుకు వంగాడు.

"ఏంది పాపా, మొసలి ఎప్పుడొస్తది?"

హాలంతా నా వైపు చూసింది. ఇంకొంచెం సేపట్లో వస్తుందని చెప్పి ఉంటే సరిపోయేది, ఒక్క రీలే మిగిలింది. వెనక్కి తిరిగితే అక్క మొహం కనబడింది. అందులో నాకు ఏ సైగా లేదు. లేచి నిలబడ్డాను. "రాదు తాతా. ఇందులో మొసలి లేదు. నేను నిద్రపోయి అబద్ధం చెప్పాను" అన్నాను. బిలాస్‌పూర్ వాళ్ళు "క్యా బోలీ, క్యా బోలీ" అన్నారు. మళ్ళీ హిందీలో చెప్పాను. ఒకే తప్పును రెండు భాషల్లో ఒప్పుకున్న పిల్లలు ఆ హాల్లో అంతకు ముందు ఎవరూ ఉండి ఉండరు.

కొందరు నవ్వారు. కొందరు గొణిగారు. నలుగురైదుగురు కుర్చీలు జరిపి లేచారు. తలుపు దగ్గర సెక్రటరీ గారు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. అక్క ఏడాది తిరుగుడంతా నా చేతుల మీదుగానే మట్టిలో కలిసిందనుకున్నాను. అప్పుడు తాత లేవకుండానే గట్టిగా అన్నాడు.

"లేకపోతే లేకపాయె. వంతెన అయినంక ఆ పడవాయన ఏం జేస్తడో చూడాలె గదా! కూసోండ్రి, లైట్ బంద్ చెయ్యుండ్రి."

లేచినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కూర్చున్నారు. దీపాలు ఆరాయి.

ఆఖరి రీల్లో వంతెన మీద మొదటి బస్సు వెళ్ళింది. మర్నాడు పడవవాడు రేవులో సాయంత్రం దాకా కూర్చున్నాడు, ఎవరూ రాలేదు. లేచి పడవ కట్టేసి, మొదటిసారి వంతెన ఎక్కి, మధ్యలో ఆగి కిందకు చూశాడు. తన పడవను అంత ఎత్తు నుంచి ఎప్పుడూ చూసి ఉండడు. అంతే సినిమా. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ వెంటనే లేవనూ లేదు. తర్వాత ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. కొండ మీద ఖనిజం మోసే కొత్త కన్వేయరు బెల్టు పడితే మన డంపర్ల సంగతేమిటని మా నాన్న పక్కాయనతో అనడం విన్నాను. సెక్రటరీ గారు అక్క దగ్గరికి వచ్చి, వచ్చే నెల ఏం తెప్పిస్తున్నారమ్మా అని అడిగాడు.

హాలు ఖాళీ అయ్యేదాకా నేను కదల్లేదు. అక్క వచ్చి పక్క కుర్చీలో కూర్చుంది. ఈసారి బాగుందా అని అడగలేదు.

"ఏం చూశావు?" అంది.

ఆ చివరి రోజు పొద్దున కూడా పడవవాడు చిప్పతో పడవలోని నీళ్ళన్నీ తోడిపోశాడని చెప్పాను. "ఎవరూ రారని వాడికి తెలుసక్కా. అయినా ఎక్కేవాళ్ళ కాళ్ళు తడవకూడదని తోడాడు."

అక్క నా వైపు తిరిగింది. "అది నేను చూడలేదే. నాలుగుసార్లు చూశాను, ఆ చోట నా కళ్ళెప్పుడూ వంతెన మీదే ఉంటాయి" అంది. లేచి ప్రొజెక్టరు అతన్ని బతిమాలి ఆఖరి రీలు మళ్ళీ ఎక్కించింది. ఖాళీ హాల్లో మేమిద్దరం, కుర్చీలు మడవడానికి వచ్చి నిలబడిపోయిన క్యాంటీన్ తాత, మళ్ళీ చూశాం. ఆ చోటు రాగానే నేను వేలు పెట్టి చూపించాను. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆ చెయ్యి నేను అబద్ధమాడి సంపాదించుకున్నది కాదు.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. ఇక్కడా ఆదివారాలు చిన్న చిన్న హాళ్ళలో అలాంటి సినిమాలు వేస్తారు, మోకాళ్ళు సహకరించినప్పుడల్లా వెళ్తాను. ఈ వయసులో నిద్ర నా చెప్పుచేతల్లో లేదు. సినిమా అయ్యాక కుర్రవాళ్ళు టీ తాగుతూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడుకుంటుంటే నేనూ వెళ్ళి కూర్చుంటాను. ఫలానా చోట నాకు కన్ను మూతపడింది, అక్కడేమైంది బాబూ అని అడుగుతాను. సిగ్గుపడను. ఎవరో ఒకరు చెబుతారు, చెబుతూ చెబుతూ తమకు తెలియనిదేదో తెలుసుకుంటారు. తర్వాత నేను చూసినదేమిటో చెబుతాను, అది ఎంత చిన్నదైనా సరే. ఊరికే బాగుందనడం మాత్రం మానేశాను, ఆ మాటతో ఒక మనిషిని రైల్లో పగలంతా ఒంటరిగా కూర్చోబెట్టినదాన్ని కదా.