కటూంబా కేబుల్ కారులో

పెళ్లయిన పదో ఏడు స్విట్జర్లాండ్ వెళ్లి ఆల్ప్స్‌లో కొండ రైళ్లన్నీ ఎక్కాలని మా ఆయన కోరిక. ఏ రైల్లో ఏ పక్క కిటికీ దగ్గర కూర్చోవాలో కూడా చూసిపెట్టుకున్నారు. సరిగ్గా ఆ ఏడే ఆయన చేతుల్లో పట్టు పోసాగింది. మొదట చొక్కా గుండీలు, తర్వాత అన్నం ముద్ద. నరాల జబ్బని, నయం కాదని, చివరికి ఊపిరి తీసుకోవడమూ కష్టమవుతుందని డాక్టరు చెప్పారు. అంత దూరం విమానం వద్దన్నారు.

"పోనీ కటూంబా పోదాం. అక్కడా రైలుంది, కేబుల్ కారుంది," అన్నారు ఆయన. ఈ దేశంలో మేముండే పేట ద పాండ్స్ నుంచి ఆ కొండ ఊరు కారులో దగ్గరే. పాపను తీసుకుని ఒక శనివారం వెళ్లాం.

అక్కడి రైలు దాదాపు నిట్టనిలువుగా లోయలోకి దిగుతుంది. ముందున్న కడ్డీ పట్టుకోమన్నారు. ఆయన వేళ్లు ముడుచుకోలేదు. ఆయన ఛాతీకి అడ్డంగా చెయ్యి వేసి బిగించి పట్టుకున్నాను. రైలు సొరంగంలోంచి చెట్ల మధ్యకు జారుతుంటే గట్టిగా నవ్వారు. ఆ నవ్వు విని నెలలైంది.

కింద అడవిలో నా భుజం మీద బరువు వేసి కాస్త నడిచారు. పైకి రావడానికి కేబుల్ కారెక్కాం. సగం దూరంలో గాలి ఎక్కువైందని ఆపేశారు. కింద ఎటు చూసినా యూకలిప్టస్ చెట్ల తలలే. పాప అవతలి అద్దం దగ్గరికి పోయి నిలబడింది. అప్పుడు మెల్లగా అన్నారు.

"ఊపిరికి మెషీన్ పెట్టి బతికిస్తామంటారు. వద్దని చెప్పు. అప్పటికి నాకు మాట ఉండదు."

ఇంట్లో ఈ మాట ఎత్తినప్పుడల్లా పొయ్యి మీద ఏదో ఉందనో, ఆఫీసు కాల్ ఉందనో లేచిపోయేదాన్ని.

"ఇక్కడా ఆ మాటలు?" అన్నాను.

"ఇక్కడైతే లేచి వెళ్లలేవు కదా."

సరే, చెప్తానన్నాను. ఆయన నా భుజానికి తల ఆనించారు. కాసేపటికి కారు ఒకసారి ఊగి కదిలింది.

తర్వాతి చలికాలం ఆసుపత్రిలో డాక్టరు నన్ను అడగనే అడిగింది. ఆయనకు మాట పోయింది కానీ మెలకువగానే ఉన్నారు, నన్నే చూస్తున్నారు. లేచి ఆయన దుప్పటి సర్దాను. రెండోసారి అడిగితే వద్దని చెప్పగలిగాను. ఆయన నెమ్మదిగా కళ్లు మూసుకున్నారు. మర్నాడు పొద్దున పోయారు.

ఖమ్మం నుంచి మా బావగారు ఫోన్ చేశారు. మెషీన్ పెట్టి ఉంటే తమ్ముడు ఇంకొన్నాళ్లు ఉండేవాడు కదా అన్నారు. వద్దన్నది ఆయనేనని చెప్పాను.

"ఆ మాట ఇంకెవరైనా విన్నారా అమ్మా?"

ఎవరూ వినలేదన్నాను. బావగారు మళ్లీ ఫోన్ చేయలేదు. నేను చేస్తే ఎత్తరు. పెద్దనాన్న ఎందుకు మాట్లాడటం లేదని పాప ఇంగ్లీషులో అడుగుతుంది. పనిలో ఉన్నారని చెప్తుంటాను.