బట్టల సామెతకు తప్పు జత

ఇంటర్ పిల్లలకు ఫ్రెంచ్ ట్యూషన్ చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఫ్లాట్ ముందుగదే క్లాసురూము. ఇంగ్లీషు సామెతలిచ్చి, వాటికి సరిపోయే ఫ్రెంచ్ సామెతలు రాయమనే ప్రశ్నంటే పిల్లలకు ఇష్టం. ఆలోచించక్కర్లేదు, బట్టీ పడితే చాలు. నేనూ అలాగే చదువుకున్నాను. అప్పట్లో మా మేడం రాయించిన జాబితానే జిరాక్స్ తీయించి పంచేదాన్ని.

ఒక ఏడాది అల్మాస్‌గూడ నుంచి ఒకమ్మాయి వచ్చేది, తోడుగా వాళ్లమ్మ. ఆవిడది నల్గొండ దగ్గర పల్లె, ఇంట్లోనే బట్టలు కుడుతుంది. క్లాసయ్యేదాకా వెనక కుర్చీలో కూర్చుని జాకెట్లకు హుక్కులు కుట్టుకునేది.

ఒకరోజు బట్టల మీద ఉన్న ఇంగ్లీషు సామెత వచ్చింది. దానికి జతగా సన్యాసి అంగీ గురించిన ఫ్రెంచ్ సామెత రాయించాను. రెండింటి అర్థం తెలుగులో చెప్పి ముందుకు పోబోతుంటే ఆవిడ గొంతు వినిపించింది.

"మేడం, ఏమనుకోకుంటే ఒక మాట అడుగుత. గీ రెండు ఒక్కటెట్లయితయ్?"

"రెండూ బట్టల గురించే కదండీ," అన్నాను.

"బట్టల గురించే. కానీ ఇంగ్లీషోళ్లు మంచి బట్టలేస్కుంటెనే ఇలువ అంటున్రు. ఫ్రెంచోళ్లేమో వేషం జూసి నమ్మొద్దంటున్రు. ఎదురు మాటలు కావా?"

"అమ్మా, జర ఊకో," అంది కూతురు తల దించుకుని. పిల్లలు నవ్వారు. "చూసి చెప్తానండీ," అని క్లాసు ముగించేశాను.

నిఘంటువు తీసి చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. అన్నేళ్లూ రెండు చోట్లా బట్టలు కనబడ్డాయని తప్పుగా ముడిపెట్టేశాను. పాత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తప్పయిందని రాశాను. "అది మాకు పరీక్షలో వచ్చింది మేడం, మార్కులు కూడా వేశారు," అని ఒకమ్మాయి జవాబిచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకున్నాను, ఆవిడ ముందే.

"నాకేం తెల్వది మేడం. మీరు తెలుగుల చెప్పింది ఇన్న, అంతే," అందావిడ సూది ఆపకుండా.

ఆ తర్వాత ప్రతి జతకూ ఆవిణ్ణే అడిగేదాన్ని, ఏ మాట ఎవరితో, ఏ సందర్భంలో అంటారని. తోటికోడలితోననో, బేరమాడే గిరాకీతోననో చెప్పేది. మొదట్లో ముడుచుకుపోయిన కూతురు కూడా అవన్నీ నోట్సులో రాసుకుంది. అలా, రెండు సామెతలూ వేర్వేరు సందర్భాలకు పోయిన ఇంకో మూడు తప్పు జతలు బయటపడ్డాయి.

ఆ అమ్మాయి మంచి మార్కులతో పాసై, ఎల్బీ నగర్‌లో డిగ్రీలో చేరింది. కొన్నాళ్లకు వాళ్లమ్మ ఫోన్ చేసింది.

"మేడం, పాప రాదు. నేనొక్కదాన్నే ఒస్తే చెప్తరా?"

ఇప్పుడు ఆదివారాలు వస్తోంది. ఫ్రెంచ్ అక్షరాలు గుర్తుపడుతుంది, చిన్న వాక్యాలు చదువుతుంది. గొంతులోంచి పలికే ఆ 'ర' మాత్రం ఇంకా రాలేదు. నిజం చెప్పాలంటే, నాకూ అది అంత బాగా రాదు.