కొండకి అవతలి ఊరు

నిరుడు ఇక్కడి మా తెలుగు సంఘం ఉగాది సంచికలో నేను రాసిన వ్యాసం చదివి చాలామంది నవ్వారు. మా ఆఫీసులో ఇద్దరు చైనావాళ్ళు నా కారులో ముందు సీటు కోసం పోట్లాడుకున్నారనీ, చివరికి పెద్దాయన అలిగి బస్సెక్కాడనీ రాశాను. ఒకరు కమ్యూనిస్టు, ఒకరు కాదు, అంతే గొడవ అని కూడా తేల్చేశాను. అది అబద్ధం. సీటు గొడవ జరగలేదు. ఆయన అలగలేదు. నేనే దిగిపొమ్మన్నాను.

డెబ్బైల చివర, అమెరికాలో పెట్రోలు కరువై బంకుల ముందు కార్లు బారులు తీరిన వేసవిలో మేం ముగ్గురం శాంటా క్లారాలోని ఆఫీసుకి ఒకే కారులో వెళ్ళేవాళ్ళం. నా పక్కన మా గ్రూప్ లీడ్, దక్షిణ చైనా తీరంవాడు. వెనక పెద్దాయన, మలయాలో పెరిగినవాడు. చూపు తక్కువ, లైసెన్స్ ఇవ్వలేదు. ఇద్దరి భాషలూ కలవవు గనక ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవారు. ఒకరి డబ్బాలోది ఒకరు రుచి చూసేవారు.

ఒకరోజు లీడ్ కొండ పక్కనున్న తన తాతల ఊరి సంగతి చెప్పాడు. అక్కడ వంశపు మందిరం ఉందట. వలస వచ్చిన హక్కావాళ్ళతో, అంటే వేరే భాష మాట్లాడే చైనావాళ్ళతో, పోరాడి చచ్చిపోయినవాళ్ళ పేర్లు చెక్క పలకల మీద చెక్కి, ఏటా పంది మాంసం, సారా పెట్టి మొక్కుతారట.

"ఆ దొంగల్ని తరిమింది మా ముత్తాతలే!" అని నవ్వాడు.

"మా పెద్దలది ఆ కొండకి అవతలి ఊరు," అన్నాడు వెనక నుంచి పెద్దాయన. "మావాళ్ళకి పెట్టడానికి ఎవరూ మిగల్లేదు."

సాయంత్రం లీడ్ నన్ను పార్కింగ్ లాట్‌లో ఆపాడు. "రేపట్నుంచి ఆయనో నేనో, తేల్చుకో."

నా ప్రమోషన్ అతని చేతిలో ఉంది. పెద్దాయన దగ్గరికి వెళ్ళి, "మీరంతా ఒక్కటే కదా సార్, ఎప్పటి గొడవో ఇప్పుడెందుకు? కొన్నాళ్ళు బస్‌లో అడ్జస్ట్ అవ్వండి," అన్నాను. ఆయన సరేనన్నాడు. రిటైరయ్యేదాకా రెండు బస్సులు మారి వచ్చాడు.

మొన్న శీతాకాలం ఆయన రిటైర్మెంట్ వీడ్కోలు భోజనంలో గానీ అడగలేదు, అసలేం జరిగిందని. ఎప్పుడో మూడు వందల ఏళ్ళ నాడు చక్రవర్తి తీరం ఖాళీ చేయించాడట. తర్వాత బీడుపడ్డ నేల దున్నడానికి హక్కావాళ్ళని రప్పించారట. తిరిగొచ్చిన పాతవాళ్ళకి పల్లపు పొలాలు, వీళ్ళకి కొండవాలు. ఆపైన కౌళ్ళ తగాదాలు, సర్కారు కొలువుల పరీక్షల్లో ఎవరికెన్ని స్థానాలన్న తగాదా. వాళ్ళ ముత్తాతల కాలంలో సర్కారు బలహీనపడగానే ఊరికొక సైన్యం లేచింది. ఇళ్ళు రెండు వైపులా తగలబడ్డాయి. లీడ్ మొక్కే పలకలూ అబద్ధం కాదు.

కొలువుల దగ్గరికి వచ్చేసరికి నాకు నా చదువు రోజులు గుర్తొచ్చాయి. తెలంగాణ కొలువులు స్థానికులకా, ఆంధ్రావాళ్ళకా అన్న ముల్కీ గొడవల్లో హైదరాబాదు హాస్టల్లో గుంటూరు ట్రంకుపెట్టెతో నిలబడ్డవాణ్ణి నేను. "మీ ఊరికి నువ్వు పో" అన్న మాట పడ్డవాణ్ణి. అన్నవాళ్ళ కడుపుమంట ఏమిటో ఏనాడూ కనుక్కోలేదు. మనమంతా తెలుగువాళ్ళమే కదా అనేసి, ఆ మాటతోనే అందరి నోళ్ళూ మూయించేవాణ్ణి. చైనావాళ్ళ దగ్గరా అదే చేశాను.

సంచిక చూసే అబ్బాయి వరంగల్ మనిషి. ఈ సవరణ వెయ్యమంటే ఫోన్‌లో, "గిప్పుడెందుకన్నా గా లొల్లి? అందరు నవ్విన్రు, మరిచిపోయిన్రు," అన్నాడు.

"నీ యాస మీద రాసి జనాన్ని నవ్విస్తే నువ్వు మరిచిపోతావా తమ్ముడూ?"

అవతల కాయితాలు తిప్పాడు. "ఏ పేజీల వెయ్యాలె?"

"పోయినసారి వేసిన పేజీలోనే."

పంపేముందు పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఇంగ్లీషులో చెబుతూ మొత్తం వినిపించాను. చివర పెద్ద క్షమాపణ ఉంది. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అది నీ గురించి. కొట్టెయ్. మా ఊరు ఉండేదని రాశావా?"

రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. లీడ్ తాతల ఊరి వెనక కొండ ఉంది. దానికి అవతల ఒక హక్కా ఊరుండేది. వాలు మీద చిలగడదుంపలు పండించేవారు. తగలబెట్టారు. ఆ ఇళ్ళలో ఒకటి, నా కారు వెనక సీట్లో కూర్చున్న మనిషి ముత్తాతది.