ఉత్తగ వచ్చిన కుండ

నా చిన్నప్పుడు ఆయుష్షు అనేది మనుషులకూ పశువులకూ మాత్రమే ఉంటుందనుకునేదాన్ని. కుండకు కూడా ఉంటుందని, దాని లెక్క కోసం దొర ముందు నిలబడవలసి వస్తుందని నాకేం తెలుసు?

మాది తొగుట దగ్గర ఒక చిన్న ఊరు. కుమ్మరోళ్ల ఇల్లు. మా తాతయ్య సారె తిప్పేవాడు. మా నాయనమ్మ మట్టి తొక్కేది, ఆవంలో కాలిన కుండలను వేలితో కొట్టి, మోత విని పక్కన పెట్టేది. నిజాం కాలమది. ఊరి దొర ఉండే గడీకి ఎన్ని కుండలు కావాలన్నా వెట్టికే, అంటే ఉత్తగానే, ఇచ్చుకోవాలి.

ఒక ఎండాకాలం గడీ నుంచి, దొర కబుర్లు మోసే సుంకరి వచ్చి తాతయ్యను వెంటనే రమ్మన్నాడు. మేమిచ్చిన కడవలు గడీలో ఇట్టే పగిలిపోతున్నాయట. తాతయ్య కావాలనే ఆయుష్షు లేని కుండలు చేస్తున్నాడని దొర మండిపడుతున్నాడట. అంతకుముందు అలా దొర పిలిపించిన ఒకాయన చాలా రోజులు వీపు ఆనించి పడుకోలేకపోయాడు. అందుకే తాతయ్య తువ్వాల నడుముకు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టుకున్నాడు.

నాయనమ్మ లేచింది. లోపలికి పోయి, వంటింట్లో ఏళ్లుగా ఉన్న పెద్ద కాగులోని నీళ్లు చిక్కుడుపాదుకు పారబోసి, ఆ కాగును నెత్తికెత్తుకుంది. ఒక చేత్తో నన్ను పట్టుకుంది. పిల్లెందుకని అమ్మ అడ్డం వస్తే, చూడనియ్యి అని మాత్రం అంది.

దొర గడీ అరుగు మీద కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఎదుట ఎవరైనా సరే వంగి, నీ బాంచెన్ దొరా అనాలి. తాతయ్య వంగాడు, అన్నాడు. నాయనమ్మ వంగలేదు. నెత్తి మీద కాగు ఉండగా వంగడం కుదరదు కదా. అందుకే దాన్ని చంకన పెట్టుకోకుండా నెత్తిన పెట్టుకుందని నాకు పెద్దయ్యాక గానీ తట్టలేదు.

మెల్లగా కాగును అరుగు అంచున దించి ఆమె దొర ముఖంలోకి చూసింది.

"నేను కాపురానికొచ్చిన ఏడు మా ముసలోడు చేసిండు దీన్ని. ఇయ్యాల పొద్దుగాల దాంక నీళ్లు మోసింది. గా చెర్వు మన్నే, గా చేతులే, గా ఆవమే. మా ఇంట్ల బతికిన కుండ మీ ఇంట్ల ఎందుకు బతుకతలేదు దొరా? ఉత్తగ వచ్చిన కుండకు ఆయుష్షు తక్కువ."

తలుపు పక్కన నిలబడ్డ గడీ పనివాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు. దొర లేచి వచ్చి, కాలితో ఆ కాగును కిందికి నెట్టాడు. అది పగిలిన చప్పుడుకు నేను తాతయ్య పంచె పట్టుకున్నాను.

"ఇప్పుడు చెప్పు, దీని ఆయుష్షెంత?" అన్నాడు దొర.

నాయనమ్మ పగిలిన కాగు దగ్గరికి నడిచింది. గొంతుక్కూర్చుని పెంకులన్నీ ఒడిలోకి ఏరుకుంది. ముసలిదానితో మాటలేమిటనుకున్నాడో ఏమో, కొత్త కడవలు తెచ్చిపడెయ్యమని చెప్పి దొర లోపలికి వెళ్లిపోయాడు.

దారి పొడవునా ఏడ్చాను. ఆమె నన్ను ఊరడించలేదు. ఇంటికి రాగానే కాగు అడుగు పెంకును పొయ్యి మీద పెట్టి, మక్కలు పోసి పేలాలు వేయించింది. లోతుగా ఉన్న ఇంకో ముక్కలో కోళ్లకు నీళ్లు పోసింది. పక్కింటి అక్క నిప్పు కోసం వస్తే మరో పెంకులో నిప్పులు వేసి ఇచ్చింది. అప్పుడు నా ఒళ్లో వేడివేడి పేలాలు పోసి అంది:

"ఇది సచ్చిందని చెప్పెటందుకు ఆడెవడు బిడ్డా?"

ఆ మాట తాతయ్య కూడా విన్నాడు. సుంకరి కడవల కోసం మళ్లీ వచ్చినప్పుడు సారె ముందు నుంచి లేవకుండానే ఇయ్యనని చెప్పాడు. సుంకరి రెండోసారి అడిగినా మాట మార్చలేదు. దానికి ఫలితం అనుభవించాం. చెరువు మట్టి ముట్టొద్దని దొర హుకుం వచ్చింది. సారె ఆగిపోయింది, అమ్మా నాయనమ్మా కలుపు తీతకు పోయారు, ఎన్నో పూటలు గంజితోనే గడిచాయి. కొన్నాళ్లకు ఊరివాళ్లే గడ్డిమోపుల కింద దాచి మాకు మట్టి తెచ్చివ్వడం మొదలుపెట్టారు. వాళ్లకు కుండలు కావాలి మరి. గడీకి మాత్రం మా ఇంటి కుండ మళ్లీ పోలేదు.

నాయనమ్మ నుంచి నాకు వచ్చిన ఆస్తి ఆ మొండితనమే. పోయిన ఏడు జ్వరం వచ్చి సిద్దిపేట దవాఖానలో పడ్డాను. ఒక కుర్ర డాక్టరు నా మంచం పక్కనే నిలబడి, ముసలావిడకు వయసైపోయింది, ఇంటికి తీసుకుపోండి అని మా అబ్బాయితో చెప్పాడు. నాకు వినపడదనుకున్నాడు పాపం.

"వయసైపోయిందని నేను చెప్పాలె బిడ్డా, నువ్వు గాదు" అన్నాను.

ఇంటికి బయల్దేరేటప్పుడు చక్రాల కుర్చీ తెస్తామన్నారు. వద్దన్నాను. గోడ పట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ, గేటు దాకా నా కాళ్ల మీదే నడిచి వచ్చాను.